‘ఆఫ్ట్ హ్యాడ్ ఐ’ అనా, ‘ఆఫ్ట్ ఐ హ్యాడ్’ అనా?

పాతపుస్తకం: వర్డ్స్‌వర్త్ ‘లూసీ గ్రే’ పద్యం మొదటి పాదం నోట్లోనే ఆడుతోంది, కానీ రెండు మాటల దగ్గర తిరగబడుతోంది. ‘ఆఫ్ట్ ఐ హ్యాడ్ హర్డ్’ అనా, ‘ఆఫ్ట్ హ్యాడ్ ఐ హర్డ్’ అనా? (ఆఫ్ట్ అంటే ఆఫెన్, తరచుగా.) అచ్చులో రెండూ కనిపిస్తున్నాయి.

గణవిభజన: ఛందస్సు సాక్ష్యం చెప్పదండి. ఎలా చదివినా ఎనిమిది సిలబుల్సే. ఊనిక (స్ట్రెస్) ‘ఆఫ్ట్’ మీదా ‘హర్డ్’ మీదా పడుతుంది, మధ్య రెండూ తేలికే. అటూ ఇటూ మార్చినా నడక చెడదు.

కర్తకర్మ: వ్యాకరణమూ చెప్పదు. నెవర్, సెల్డమ్, రేర్లీ లాంటి నిషేధాలు వాక్యం మొదట కూర్చుంటే హ్యావ్ కర్తను దాటి తీరాలి: ‘నెవర్ హ్యావ్ ఐ సీన్’. ఆఫెన్‌కి ఆ నిర్బంధం లేదు. ‘ఆఫెన్ ఐ హ్యావ్ సీన్’ అన్నా చెల్లుతుంది. తిప్పడం కవి ఇష్టం.

గణవిభజన: ఇష్టమే కాదు, ఊనిక కోసం కూడా. హోమర్‌కి చాప్‌మన్ చేసిన అనువాదం మీద కవి కీట్స్ 1816లో రాసిన సానెట్ (పద్నాలుగు పాదాల పద్యం) చూడండి, ఒకటి, మూడు, ఐదు పాదాల్లో తిప్పాడు. మూడోదాంట్లో ‘ఐలండ్స్ హ్యావ్ ఐ బీన్’. తిప్పకపోతే ఊనిక ‘ఐ’ మీద పడి ‘నేను, నేను’ అన్నట్టుండేది.

కర్తకర్మ: మరి ఐదో పాదం? ‘హ్యాడ్ ఐ బీన్ టోల్డ్’. ఇది పాదం చివరి భాగం, మొత్తం పాదంలో ఎనిమిదో సిలబుల్ ‘ఐ’. తిప్పడం వల్లే ఊనిక దాని మీద పడింది! మీ సూత్రం రెండు పాదాలు కూడా నడవలేదు మాస్టారూ.

గణవిభజన: ‘హ్యాడ్ ఐ’ అనే ఆ గణంలో రెండూ తేలికగానే చదవాలి. ఊనిక పేరుకే.

వచనప్రియ: కవులకు చెల్లింది మనకు చెల్లదు. వచనంలో ఆఫెన్, ఆల్రెడీ, జస్ట్ మొదటి సహాయక్రియ వెనకే: ‘హ్యాడ్ ఆఫెన్ బీన్ టోల్డ్’. ఎలా జరిగిందో చెప్పే మాటైతే బీన్ దాటాక: ‘హ్యాజ్ బీన్ కేర్‌ఫుల్లీ చెక్డ్’. మనవాళ్లు జారేది క్రియకీ కర్మకీ మధ్య: ‘ఐ హ్యావ్ సీన్ ఆల్రెడీ ద ఫైల్’. ‘ద ఫైల్ ఆల్రెడీ’ అని చివర పెట్టినా సరే, మధ్యలో మాత్రం కుదరదు. అసలు క్రియ మింగేసిన పొడి జవాబులో మళ్లీ తలకిందులు. ‘ఐ ఆల్వేస్ హ్యావ్’ అనాలి, ‘ఐ హ్యావ్ ఆల్వేస్’ అంటే వాక్యం తెగిపోయినట్టుంటుంది.

కర్తకర్మ: తెలుగులో ‘ఇప్పటికే ఫైలు చూశాను’, ‘ఫైలు ఇప్పటికే చూశాను’, ‘ఫైలు చూశాను ఇప్పటికే’. ఇందుగలడందు లేడని సందేహము వలదు.

వచనప్రియ: పోతన్నగారిని ఇంగ్లీషు క్లాసులోకి లాగారు, బాగుంది.

పాతపుస్తకం: నా ప్రశ్న అక్కడే ఉంది. లూసీ గ్రేని వర్డ్స్‌వర్త్ 1799లో జర్మనీలోని గోస్లార్‌లో రాశాడు, 1800లో అచ్చయింది. ఆ తొలి అచ్చులో ఏముందో ఎవరైనా తీసి చూస్తారా?

గణవిభజన: చూస్తాను. ఈలోగా రెండో పాదంలో ‘వైల్డ్’ని అడవి అనుకుంటున్నారా ఎవరైనా? అది బీడండి. రెండో చరణంలోనే ‘వైడ్ మూర్’ (చెట్లు లేని విశాలమైన బయలు) అన్నాడు.

కర్తకర్మ: బీడు ఎలా అవుతుంది? బీడంటే సాగు మానేసిన నేల.