అమ్మ దాచుకున్న క్యాసెట్లు, గ్రామఫోను ప్లేట్లు: ఘంటసాల గొంతు మారిపోకుండా కంప్యూటర్‌లోకి ఎక్కించడం ఎలా?

కృష్ణలంక అనే మారుపేరుతో అడిగిన ప్రశ్న (జవాబులూ మారుపేర్లతోనే)

అమ్మకు 82 ఏళ్లు. ఆమెవి 38 క్యాసెట్లు, 11 గ్రామఫోను ప్లేట్లు ఉన్నాయి. వాటిని పెన్‌డ్రైవ్‌లోకి మార్చాలి. క్యాసెట్లలో సగం కొన్నవి, ఎక్కువగా ఘంటసాల, సుశీల. మిగతా సగం 1980ల్లో విజయవాడ రేడియోలో వచ్చిన భక్తిరంజని, లలిత సంగీతం. అవి ఇంట్లో టూ-ఇన్-వన్‌లో రికార్డు చేసినవి, వాటిలో బాలమురళీకృష్ణగారి పాటలు చాలా ఉన్నాయి. ప్లేట్లన్నీ 78 స్పీడువి: ఘంటసాల పద్యాలు, రావు బాలసరస్వతీదేవి లలితగీతాలు, ద్వారం వెంకటస్వామి నాయుడుగారి వయొలిన్.

ఇందులో చాలా పాటలు యూట్యూబ్‌లో దొరుకుతున్నాయి. కానీ పెట్టగానే అమ్మ "ఇది కాదు" అంటుంది. అందుకే ఇంట్లో ఉన్నవాటినే ఎక్కించాలి. స్టీరియో క్యాసెట్ డెక్ ఒకటి పనిచేస్తోంది, లాప్‌టాప్ ఉంది. సందేహాలు ఇవి: కొన్ని క్యాసెట్లలో గొంతు ముద్దగా వస్తోంది. రెండింటిలో పాట పోనుపోను పీలగా మారుతోంది. మూడింటి టేపు చుట్ట మీద తెల్లటి పొడి కనిపిస్తోంది. ప్లేట్లకు ఏ మెషీన్ కావాలి? బుసబుస శబ్దం పూర్తిగా తీసేయొచ్చా?

టేపుడెక్

ముందుగా, ఆ తెల్లపొడి ఉన్న మూడింటినీ డెక్‌లో పెట్టకండి. అది బూజు. కోస్తా ఊళ్ల గాలిలో తేమకు ఇది మామూలే. ఒక్కసారి ఆడిస్తే హెడ్డుకు (టేపు మీది శబ్దాన్ని చదివే భాగం), రబ్బరు రోలరుకు అంటుకుని తర్వాత పెట్టిన ప్రతి క్యాసెట్‌కూ పాకుతుంది. వాటిని జిప్ కవర్లో సిలికా జెల్ పొట్లంతో విడిగా పెట్టి, ఆఖర్న ముట్టుకోండి. అప్పుడు కూడా మాస్కు పెట్టుకుని, ఆరుబయట, మరలు విప్పి చుట్టలు రెండూ కొత్త డబ్బాలోకి మార్చి, పీచు ఊడని పొడిగుడ్డ మధ్య నుంచి టేపును మెల్లగా చేత్తో చుట్టాలి. ఖాళీ డబ్బా కోసం ఐదు మరలున్న చవక క్యాసెట్ ఒకటి కొని లోపలి టేపు తీసేయండి. కొన్న క్యాసెట్లలో కొన్నిటికి మరలుండవు, అంచులు అతికించి ఉంటాయి. వాటిని పలుచని బ్లేడుతో అతుకు వెంబడి తెరవాలి. డబ్బా పగిలినా ఫర్వాలేదు, టేపు తెగకూడదు.

తెగితే మామూలు సెల్లోటేపు వాడొద్దు. దాని జిగురు కొన్నాళ్లకు పక్క చుట్లకు కూడా పాకుతుంది. స్ప్లైసింగ్ టేపు అని 3.8 మిల్లీమీటర్ల వెడల్పుతో విడిగా దొరుకుతుంది, దాన్ని టేపు వెనకవైపు మాత్రమే అంటించాలి.

ఇక గొంతు ముద్దగా రావడం. దీనికి కారణాలు నాలుగు, ఇదే వరసలో చూసుకోండి. మొదటిది మురికి హెడ్డు. 99 శాతం ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో దూదిపుల్ల ముంచి హెడ్డును, పక్కనున్న సన్నటి ఉక్కు ఇరుసును తుడవండి. రబ్బరు రోలరుకు ఆల్కహాల్ వద్దు, బీటలు తీస్తుంది. సబ్బునీటి తడిగుడ్డ చాలు. ప్రతి నాలుగైదు క్యాసెట్లకూ ఇది మళ్లీ చేయాలి. రెండోది క్యాసెట్ మూతి దగ్గర టేపు వెనక ఉండే చిన్న ఉన్నిముక్క. టేపును హెడ్డుకు అదిమి పట్టేది అదే. నలభై ఏళ్ల జిగురు ఎండి అది ఊడిపోతే పాట వినిపిస్తుంది గానీ తాళాలు, 'స', 'శ' అక్షరాలు మాయమవుతాయి. అలాంటి క్యాసెట్‌కూ డబ్బా మార్పే మందు. మూడోది డాల్బీ మీట, అంటే టేపు బుస తగ్గించే ఏర్పాటు. ఇంటి టూ-ఇన్-వన్‌లో డాల్బీ లేదు, కాబట్టి ఆ టేపులకు డెక్‌లో డాల్బీ ఆపేయాలి. నాలుగోది, ఎక్కువమంది వదిలేసేది, హెడ్డు వాలు. మీ టూ-ఇన్-వన్ హెడ్డు ఎంత వంకరగా ఉండి రికార్డు చేసిందో, ఆడించే హెడ్డు కూడా అంతే వంకరగా ఉండాలి. హెడ్డు పక్కన స్ప్రింగు ఉన్న చిన్న మర కనిపిస్తుంది. పాట ఆడుతుండగా సన్నటి స్క్రూడ్రైవర్‌తో అటూ ఇటూ పావు చుట్టు లోపలే తిప్పుతూ వినండి. ఒకచోట తెర తీసినట్టు గొంతు విచ్చుకుంటుంది. అక్కడ ఆపండి. తిప్పకముందు మర ఎక్కడుందో పెన్నుతో గుర్తు పెట్టుకోండి, కొన్న క్యాసెట్లకు మళ్లీ అక్కడికే తేవాలి. అయస్కాంతం అంటని స్క్రూడ్రైవరైతే మేలు.

ఈ సర్దుబాటు సరిగ్గా కుదిరాక, మోనో టేపైతే కుడి ఎడమ రెండు చానెళ్లనూ కలిపి ఒకటి చేయండి. బుస 3 డెసిబెళ్ల దాకా తగ్గుతుంది, గొంతుకు నష్టమేమీ ఉండదు. సర్దకుండా కలిపితే మాత్రం ఉన్న పదును కూడా పోతుంది.

ఎక్కించేటప్పుడు డెక్ వెనకున్న లైన్ అవుట్ నుంచి యూఎస్‌బీ ఆడియో ఇంటర్‌ఫేస్ (శబ్దాన్ని కంప్యూటర్‌కు అందించే చిన్న పెట్టె) లైన్ ఇన్‌కు వైరు వేయండి. లాప్‌టాప్ మైకు రంధ్రంలోకి వద్దు, శబ్దం పగులుతుంది. క్యాసెట్‌ను నేరుగా ఎమ్‌పీత్రీ చేస్తామనే వాక్‌మన్ సైజు పెట్టెలు కూడా వద్దు. వాటి మోటారు నిలకడ లేనిది. వయొలిన్, వేణువు వణుకుతాయి. ఆడాసిటీ అనే రికార్డింగ్ సాఫ్ట్‌వేర్‌లో 24 బిట్, 48 కిలోహెర్ట్జ్ పెట్టండి. పాటలో అతి పెద్ద శబ్దం మైనస్ 6 డెసిబెళ్లు దాటకూడదు. గంట క్యాసెట్‌కు ఒక జీబీ పైచిలుకు అవుతుంది, నాణ్యత పోకుండా కుదించే ఫ్లాక్ ఫైలుగా దాచుకుంటే సుమారు సగానికి దిగుతుంది. ప్రతి క్యాసెట్‌నూ ఎక్కించే ముందు ఈ చివరి నుంచి ఆ చివరికి ఒకసారి, మళ్లీ వెనక్కి ఒకసారి చుట్టండి. అతుక్కున్న చుట్లు విడతాయి. పాట మొదలవకముందే దాని నీడ సన్నగా వినిపించే దోషం కూడా కొంత తగ్గుతుంది. సి-90 టేపు సి-60 కంటే పలుచన, వాటిని వేగంగా తిప్పి టక్కున ఆపితే సాగిపోతుంది, జాగ్రత్త.

శ్రుతిపెట్టె

పైన చెప్పినవన్నీ సరైనవే. మీ అమ్మగారు "ఇది కాదు" అనడానికి మాత్రం నా లెక్కలో మొదటి కారణం వేగం. వేగం దాదాపు 6 శాతం మారితే పాట ఒక స్వరస్థానం జరుగుతుంది. 3 శాతం అంటే అందులో సగం. శ్రుతి జ్ఞానం లేనివాళ్లు కూడా అది పట్టేస్తారు, కాకపోతే శ్రుతి మారిందని అనరు, గొంతు వేరే అంటారు. ఘంటసాల మంద్రంలో నిలిపిన స్వరం 3 శాతం వేగం పెరిగితే ఆ బరువంతా పోయి ఎవరో కుర్రాడు పాడినట్టుంటుంది. నెట్‌లో ఉన్నవాటిలో ఇలా జారినవి బోలెడు. పాత మోనో పాటకు ప్రతిధ్వని కలిపి, స్టీరియోలా సాగదీసినవి మరికొన్ని.

పోనుపోను పీలగా మారే ఆ రెండు క్యాసెట్లు బ్యాటరీల మీద రికార్డు చేసినవై ఉంటాయి. బ్యాటరీ నీరసపడుతుంటే రికార్డు చేసేటప్పుడు టేపు నెమ్మదిగా నడుస్తుంది. సరైన వేగంతో నడిచే డెక్‌లో పెడితే అదే పాట పరుగెత్తుతుంది. మొత్తానికి ఒకే శాతం దిద్దితే కుదరదు. ఆడాసిటీలో టైమ్ ట్రాక్ తీసుకుని, మొదట్లో 100, చివర్లో ఎంత కావాలో అంత (ఉదాహరణకు 94) పెట్టి మధ్యలో వాలుగా దింపండి. తంబురా వినిపించేచోట్లే కొలవండి. టెంపో మార్చేదీ, పిచ్ మార్చేదీ విడివిడిగా ఉంటాయి, వాటి జోలికి పోవద్దు. రెండూ కలిసి మారాలి.

కరెంటు హమ్‌ను (రికార్డింగులో కరెంటు వల్ల వినిపించే గుంయ్ శబ్దం) 50 హెర్ట్జ్‌కు సరిపెడితే వేగం కుదురుతుందని కొందరు చెబుతారు. మన దక్షిణాది టేపులకు దాన్ని నమ్మకండి. 2003లో కరెంటుకు కొత్త టారిఫ్ (ధరల) విధానం వచ్చేదాకా ఇక్కడి గ్రిడ్ ఫ్రీక్వెన్సీ తరచూ 48, 48.5 హెర్ట్జ్‌కు పడిపోయేది. 48.5 హమ్‌ను 50కి లాగితే సరిగ్గా ఉన్న పాటను మీరే 3 శాతం చెడగొట్టినట్టు. సినిమా పాటైతే అందులో పియానో, ఆర్గన్ లాంటి స్థిరమైన వాద్యం ఉన్నచోట ఫోనులోని ట్యూనర్‌తో చూడండి. కచేరీ అయితే తంబురా ఏ శ్రుతికైనా ఉండొచ్చు కాబట్టి ట్యూనర్ సాక్ష్యం చాలదు. అదే గాయకుడి మంచి సీడీ పక్కన పెట్టి గొంతు మందం పోల్చుకోవాలి.

లక్కప్లేటు

78 ప్లేట్ల గురించి. వాటికి ఆల్కహాల్ చుక్క కూడా తగలకూడదు. ఎల్‌పీ రికార్డులు ప్లాస్టిక్, ఇవి లక్క కలిపినవి. ఆల్కహాల్‌కు లక్క కరుగుతుంది. అర లీటరు డిస్టిల్డ్ వాటర్‌లో రెండు చుక్కల గిన్నెల సబ్బు వేసి, మెత్తటి బ్రష్షుతో గాడి వెంబడి గుండ్రంగా తుడిచి, మామూలు డిస్టిల్డ్ వాటర్‌తో కడిగి, నిలబెట్టి ఆరనివ్వండి. లేబులు తడవకూడదు.

మామూలు టర్న్‌టేబుల్ ముల్లుతో ఆడించకండి. ఎల్‌పీ ముల్లు కొన సుమారు 18 మైక్రాన్లు, 78 గాడికి 75 మైక్రాన్ల దాకా కావాలి. సన్నముల్లు గాడి గోడలను తాకకుండా అడుగున మట్టిలో దొర్లుతుంది, పాట కంటే చిటపటలే ఎక్కువ వినిపిస్తాయి. చాలా కార్ట్‌రిడ్జ్‌లకు (ముల్లు తొడిగే చిన్న భాగం) 78 ముల్లు విడిగా దొరుకుతుంది, ముందున్నది లాగి ఇది తొడగడమే. బరువు ఆ ముల్లు పెట్టె మీద రాసినంత, మామూలుగా 3 నుంచి 5 గ్రాములు. తాళం తిప్పే పాత గ్రామఫోను మీద మాత్రం ఈ పని పెట్టుకోవద్దు. దాని ఉక్కు పిన్ను ఒక్కొక్కసారికీ గాడిని కాస్త కాస్త తినేస్తుంది.

మీ టర్న్‌టేబుల్‌లో 78 వేగం లేకపోతే 45లో ఆడించి తర్వాత 1.733 రెట్లు పెంచొచ్చు. అయితే ప్రీయాంప్ (టర్న్‌టేబుల్ శబ్దాన్ని పెంచే పరికరం) చేసే బాస్, ట్రెబుల్ దిద్దుబాటు తప్పిన చోట పడుతుంది, ద్వారంవారి కమాను పదును మొద్దుబారుతుంది. పాటలకు సరిపెట్టుకోవచ్చేమో గానీ వయొలిన్‌కు అలా చేయకండి, 78 వేగం ఉన్న మెషీన్ అద్దెకైనా తెచ్చుకోండి.

పక్కకు మూడు నిమిషాల చిల్లరే పడుతుంది కాబట్టి పద్యాలు రెండు పక్కలకూ సాగి ఉంటాయి. రెంటినీ అతికి ఒకటి చేయకండి. ప్లేటు తిప్పే ఆ విరామం దగ్గరే పాడినాయన ఊపిరి తీసుకుని మళ్లీ ఎత్తుకున్నాడు. స్టీరియోలో ఎక్కించి, చిటపటలు దిద్దాక మోనో చేయండి. అరుగుదల ఎక్కువగా ఒక గోడవైపే ఉంటే రెండు చానెళ్లలో ఒకటి మెరుగ్గా ఉంటుంది, అదొక్కటే వాడుకోవచ్చు.

కృష్ణలంక

చాలా సాయం చేశారండీ. బుస తీయడం గురించి ఇంకా ఎవరూ చెప్పలేదు. పాటల మధ్య మాటలు, వంటింటి చప్పుళ్లు ఉన్నాయి, అవి కత్తిరించాలా? ఇంకొకటి, పెన్‌డ్రైవ్‌లో పాటలు ఏ వరసలో పెట్టాలి?

టేపుడెక్

కత్తిరించొద్దండీ. ఒక క్యాసెట్‌ను ఏళ్ల తరబడి విన్నవాళ్లకు ఒక పాట అయ్యేలోపే తర్వాతి పాట ఎత్తుగడ మనసులో మొదలవుతుంది. మధ్యలో రేడియో ఆమె గొంతు, 'టక్' మని మీట నొక్కిన చప్పుడు, అన్నీ ఆ వరసలో భాగాలే. గాయకుల పేర్ల ప్రకారం విడగొడితే అదంతా పోతుంది. క్యాసెట్ పక్క మొత్తం ఒక ఫైలుగా ఉంచండి. విడి పాటలు కావాలంటే నకలు తీసి చేసుకోండి.

బుస పూర్తిగా పోదు, పోగొట్టాలని చూస్తే గొంతు నీళ్లలోంచి వచ్చినట్టు గులగులలాడుతుంది. ఆడాసిటీ నాయిస్ రిడక్షన్‌లో 6 నుంచి 8 డెసిబెళ్లు, ఒక్కసారి మాత్రమే. శాంపిలు పాట లేని రెండు సెకన్ల నుంచి తీసుకోండి, ఒక్కో క్యాసెట్‌కూ విడిగా. రేడియో టేపులకు అంతకంటే తేలిక దారి ఉంది. విజయవాడ కేంద్రం మీడియం వేవ్ 837 కిలోహెర్ట్జ్. మీడియం వేవ్‌లో 5 కిలోహెర్ట్జ్ పైన సంగీతం దాదాపు ఉండదు. అక్కడ లోపాస్ ఫిల్టరు (ఆ పైనున్న శబ్దాలను ఆపేది) పెడితే పైనున్న బుస అంతా పోతుంది, బాలమురళిగారి గమకం ఒక్కటీ చెక్కుచెదరదు. కొన్న క్యాసెట్లకు మాత్రం ఈ ఫిల్టరు వేయకండి. ఏది చేసినా నకలు మీదే చేయండి, అసలు ఫైలు రెండు డిస్కుల్లో అలాగే ఉండాలి.

శ్రుతిపెట్టె

వరస గురించి ఒక మాట. మనిషికి సుమారు 10 నుంచి 30 ఏళ్ల మధ్య విన్న పాటల చుట్టూ జ్ఞాపకాలు ఎక్కువగా పేరుకుంటాయి. అమ్మగారికి 82 అంటే అది ఇంచుమించు 1953 నుంచి 1973 దాకా. ఘంటసాల పోయింది 1974 ఫిబ్రవరిలో. ఆవిడ యౌవనమంతా ఆ గొంతు సినిమాల్లో ఉంది. కాబట్టి మొదట ప్లేట్లు, తర్వాత కొన్న క్యాసెట్లు, ఆపైన భక్తిరంజని పెట్టండి. భక్తిరంజని ఉదయం కార్యక్రమం కదా, వాటిని ఉదయమే వినిపిస్తే బాగుంటుంది.

అట్టల మీద చేతిరాతను పూర్తిగా నమ్మకండి. 'ఘంటసాల' అని రాసినచోట మాధవపెద్ది సత్యమో, పిఠాపురం నాగేశ్వరరావో, 70ల పాటైతే వి. రామకృష్ణో ఉండొచ్చు. విని సరిచూసి ఫైలు పేరు పెట్టండి, అట్ట ఫొటో కూడా అదే ఫోల్డరులో ఉంచండి.

పెన్‌డ్రైవ్‌ను ఫ్యాట్-32గా ఫార్మాట్ చేసి, ఎమ్‌పీత్రీ 192లో పెట్టండి. చిన్న ప్లేయర్లు పేరును బట్టి కాక కాపీ చేసిన వరసలో పాడతాయి, అందుకని 001, 002 అని అంకెలు వేసి ఒక్కొక్కటిగా ఎక్కించండి. పెద్దవయసులో పైస్థాయి శబ్దాలు వినికిడిలో తగ్గుతాయి, వాల్యూము పెంచితే రొద తప్ప స్పష్టత రాదు. 2 నుంచి 4 కిలోహెర్ట్జ్ మధ్య 3 డెసిబెళ్లు పెంచితే మాట విడివిడిగా తెలుస్తుంది. స్పీకరు ఎదురుగా మీటరు దూరంలో పెట్టి, ఫ్యాను వేగం తగ్గించి, ఒక్కసారికి ఒక పక్క వినిపించండి.