సమస్యలు మిగిలాయి, పూరణలు పోయాయి: సొంత సర్వర్‌కు మారాలా, వద్దా?

మొల్లతోట (చర్చ ప్రారంభం)

12 ఏళ్ళు నడిపిన మా పద్య బృందం గత నెల ఒక ఉదయం కనిపించకుండా పోయింది. వేదిక పేరు చెప్పను, పెద్దదే. ‘నియమాల ఉల్లంఘన’ అన్న రెండు ముక్కలు తప్ప కారణం రాయలేదు. మళ్ళీ పరిశీలించమని అడిగితే ఆరు నిమిషాల్లో తిరస్కరణ వచ్చింది. ప్రబంధ వర్ణనలను ఆరు నిమిషాల్లో చదివి తేల్చగల మనిషి ఉంటే నేనే వెళ్ళి శిష్యరికం చేస్తాను.

నా ఖాతా సమాచారం దింపుకున్నాను. నేను రాసినవి వచ్చాయి, ఇతరులు రాసినవి రాలేదు. అంటే వారం వారం నేనిచ్చిన సమస్యలన్నీ భద్రంగా ఉన్నాయి, సభ్యుల పూరణలు ఒక్కటీ లేవు.

మాలో కొందరు సొంతంగా మాస్టడాన్ (ట్విట్టర్ లాంటి వేదికను ఎవరికి వారే నడుపుకునే సాఫ్ట్‌వేర్) సర్వర్ పెట్టుకుందాం అంటున్నారు. నాకూ అదే మంచిదనిపిస్తోంది. వద్దనేవారు ఎందుకు వద్దో చెప్పండి.

చిట్టడవి

వద్దనడానికి కారణమే లేదు. మీకు జరిగినదానికి మందు ఇదే.

తెలియనివారి కోసం: మాస్టడాన్‌ను 2016లో జర్మనీలో యూజెన్ రోచ్కో మొదలుపెట్టారు. ఎవరి సర్వర్ వారిది. ఒక సర్వర్‌లోని మనిషి మరో సర్వర్‌లోని మనిషిని అనుసరించవచ్చు, జవాబు ఇవ్వవచ్చు. జీమెయిల్ నుంచి యాహూకు ఉత్తరం వెళ్ళినట్టే. సర్వర్లు మాట్లాడుకునే ఈ పద్ధతి పేరు యాక్టివిటీపబ్, దాన్ని 2018లో వెబ్ ప్రమాణాలు రూపొందించే సంస్థ డబ్ల్యూ3సీ ప్రమాణంగా ఆమోదించింది. మీ గుమ్మానికి బయటివాళ్ళు తాళం వేయలేరు.

2019 అక్టోబరు, నవంబరు గుర్తున్నాయా? సుప్రీంకోర్టు సీనియర్ న్యాయవాది సంజయ్ హెగ్డే ఖాతాను ట్విట్టర్ నిలిపివేసింది. కారణాల్లో ఒకటి ఆయన ఖాతాలో పెట్టుకున్న 1936 నాటి ఫోటో: హాంబర్గ్‌లో జనమంతా నాజీ సలాము చేస్తుంటే ఒక్క మనిషి చేతులు కట్టుకొని నిలబడి ఉంటాడు. ఆ కోపంతో మన దేశం నుంచి ఎంతోమంది మాస్టడాన్‌కు వెళ్ళారు.

నల్లరేగడి

వెళ్ళారు, నిజమే. వాళ్ళలో చాలామంది తిరిగొచ్చారన్నది కూడా చెప్పండి. నేనూ వెళ్ళి మూడు వారాలున్నాను. ఊరంతా ఖాళీ చేసి వెళ్ళిన వీధిలో ఉగాది పచ్చడి గిన్నె పట్టుకొని నిలబడ్డట్టుంది.

పాత ఉత్తరం

నేను వద్దంటాను. కొంచెం పాత కథ చెప్పాలి, ఓపిక పట్టండి.

మనవాళ్ళు వికేంద్రీకృత వేదిక మీద కూర్చోవడం ఇదే మొదటిసారి కాదు. 1990లలో యూజ్‌నెట్ అనే ఇంటర్నెట్ చర్చావేదికలో తెలుగువారి కోసం ఒక చర్చాకూటమి ఉండేది, సాక్.కల్చర్.ఇండియన్.తెలుగు అని. అప్పట్లో నేను అమెరికాలో చదువుకుంటున్నాను. తెలుగు లిపిలో రాసే వీలు లేదు. రైస్ విశ్వవిద్యాలయంలో పుట్టిన ఆర్‌టీఎస్ పద్ధతిలో ఇంగ్లీషు అక్షరాలతో రాసేవాళ్ళం. పెద్ద ఎన్ అంటే ణ, పెద్ద ఎల్ అంటే ళ. ఆ అక్షరాల్లోనే పద్యాలు, ఛందస్సు మీద తగాదాలు, గోంగూర అమెరికాలో ఎక్కడ దొరుకుతుందన్న ఆరాలు. యూజ్‌నెట్‌కు యజమాని లేడు. ఒక విశ్వవిద్యాలయం సర్వర్‌లో పెట్టిన సందేశం మరో చోటికి, అక్కడి నుంచి ఇంకో చోటికి నకలవుతూ పోయేది. మీరు ఇప్పుడు కొత్తగా చెబుతున్నది మేం ముప్పై ఏళ్ళ కిందట అనుభవించాం.

అది ఎలా చచ్చిందో తెలుసా? ఎవరూ మూసేయలేదు. ప్రకటనల చెత్త, బూతులు, ఒకే మనిషి పది పేర్లతో తిట్లు. తీసేసే అధికారం ఎవరికీ లేదు. అందరిదీ అయిన చావడిని ఊడ్చేవాడు లేక, మంచివాళ్ళు ఒక్కొక్కరుగా లేచి వెళ్ళిపోయారు.

ఇంకో సంగతి వినండి. ఆ సందేశాల్లో మిగిలినవి ఎలా మిగిలాయి? డెజా న్యూస్ అనే సంస్థ దాచిపెట్టింది, 2001లో ఆ భాండాగారాన్ని గూగుల్ కొనుక్కుంది. యజమాని లేని వేదిక జ్ఞాపకాలు చివరికి ఒక యజమాని దగ్గర పడి ఉన్నాయి. నా పాతికేళ్ళ వయసు రాతలు వెతుక్కోవాలంటే నేనిప్పటికీ వాళ్ళ గుమ్మం ముందే నిలబడాలి.

చిట్టడవి

గౌరవంతోనే విభేదిస్తున్నాను. అందరిదీ కావడంతో ఎవరూ ఊడ్చని చావడి వేరు, ఎవరి వాకిలి వారు ఊడ్చుకునే పద్ధతి వేరు. 2019లో గ్యాబ్ అనే వేదిక మాస్టడాన్ సాఫ్ట్‌వేర్‌ను వాడుకుంటూ ఈ లోకంలోకి వచ్చింది. అక్కడి జాతివిద్వేషం నచ్చని సర్వర్లు ఒకదాని తర్వాత ఒకటి దానితో సంబంధం తెంచుకున్నాయి. గ్యాబ్ బతికే ఉంది, కానీ దాని గోల మిగతా ఊళ్ళకు వినపడదు. యూజ్‌నెట్‌లో మీకు లేని చీపురు ఇదే.

ఇక ఒకే యజమానిని నమ్ముకుంటే ఏమవుతుందో కూడా మీ తరానికే బాగా తెలియాలి. తెలుగు సాహిత్య చర్చలకు పేరుపడ్డ రచ్చబండ యాహూ గ్రూప్స్‌లో ఉండేది. 2020లో యాహూ ఆ సేవనే ఎత్తేసింది. ఆర్కుట్ 2014లో, గూగుల్ ప్లస్ 2019లో, మన దేశపు కూ 2024లో పోయాయి. ఎవరో దాచుకుంటే దాచుకున్నట్టు, లేకపోతే లేనట్టు.

పాత ఉత్తరం

రచ్చబండ మాట ఎత్తి గాయం మీద వేలు పెట్టారు. ఒప్పుకుంటాను. కానీ నా ప్రశ్న యజమాని ఉండాలా వద్దా అని కాదు. ఊడ్చేదెవరు, ఎన్నాళ్ళు?

కట్టెలమోపు

ఆ ప్రశ్నకు నేను జవాబు చెప్పగలను. దాదాపు మూడేళ్ళు ఒక చిన్న మాస్టడాన్ సర్వర్ నడిపి మూసేసినవాణ్ణి.

మొదటి ఆరు నెలలు సరదా. తర్వాత డిస్కు నిండడం మొదలైంది. మా సభ్యులు నలభై మందే. కానీ వాళ్ళు అనుసరించే బయటివాళ్ళ బొమ్మలు, వీడియోల నకళ్ళు కూడా మన సర్వర్‌లోకి వస్తాయి. వాటిని ఎప్పటికప్పుడు తుడవాలి. డేటాబేస్ నకలు తీయాలి, భద్రతా సవరణ వస్తే అర్ధరాత్రైనా లేచి ఎక్కించాలి. చెల్లెలి పెళ్ళి మండపంలో తలంబ్రాల సమయానికి నేను ఫోనులో సర్వర్‌ను లేపుతున్నాను. వీడియోలో అది స్పష్టంగా కనిపిస్తుంది, ఇంట్లో ఇప్పటికీ దెప్పుతారు.

‘సమాచారం మీ చేతిలో’ అనే మాట గురించి కొన్ని నిజాలు. మాస్టడాన్‌లో ఒకరికే పంపే సందేశానికి ఈమెయిల్ కన్నా గొప్ప రహస్యం లేదు. సర్వర్ నడిపేవాడు తలచుకుంటే చదవగలడు. నేను చదవలేదు, కానీ చదవగలిగేవాణ్ణి. మీరు ఒక రాత తీసేస్తే, తీసేయమని ఇతర సర్వర్లకు కబురు వెళుతుంది, పాటించడం వాళ్ళ మర్యాద. సర్వర్ మారితే మిమ్మల్ని అనుసరించేవాళ్ళు వెంట వస్తారు, పాత రాతలు మాత్రం రావు. మొల్లతోట గారూ, మీరు ఏడుస్తున్నది పాత రాతల కోసమే కదా? మీ వ్యాధికి ఆ మందులో ఆ దినుసే లేదు. సర్వర్ మీదే కాబట్టి నకలు ఉంచుకోవచ్చు, అంతవరకు లాభం. సభ్యులకు మాత్రం యజమాని మారాడు, అంతే.

చిట్టడవి

అందుకే బ్లూస్కై అనే మరో సామాజిక వేదిక పద్ధతి చూడమంటాను. అక్కడ మీ రాతలన్నీ ఒక గూటిలో ఉంటాయి, ఆ గూటిని అలాగే ఎత్తి మరో చోట పెట్టుకోవచ్చు. మీ సొంత డొమైన్‌నే (వెబ్ చిరునామానే) పేరుగా పెట్టుకోవచ్చు కూడా.

కట్టెలమోపు

డొమైన్ కూడా అద్దె ఇల్లే. క్వియర్ డాట్ ఏఎఫ్ అనే మాస్టడాన్ సర్వర్ ఉండేది. ఏఎఫ్ అంటే అఫ్గానిస్తాన్ దేశ సంకేతం. 2024 ఫిబ్రవరిలో తాలిబన్ ప్రభుత్వం ఆ డొమైన్‌ను ఆపేసింది. సర్వర్ బాగానే ఉంది, చిరునామా పోయింది.

పాత ఉత్తరం

బ్లూస్కైలో గూడు ఎత్తుకుపోవచ్చు, సరే. ఎత్తుకుపోయినవారు ఎందరు? అత్యధికుల గూళ్ళు ఆ కంపెనీ సర్వర్లలోనే ఉన్నాయి. 2025 ఆగస్టులో అమెరికాలోని మిసిసిపీ రాష్ట్రంలో వయసు ధ్రువీకరణ చట్టం వల్ల కంపెనీ తన ఆప్‌ను అక్కడివారికి ఆపేసింది. వేరే ఆప్‌లతో లోపలికి వెళ్ళే దారి ఉందని మీరంటారు. ఉంది. మా తమ్ముడికి ఆ దారి తెలియదు. 2024 నవంబరులో ఎవరో పది లక్షల బ్లూస్కై రాతలు మూటకట్టి కృత్రిమ మేధ శిక్షణకు పనికొస్తాయని బహిరంగంగా పెట్టారు. గొడవయ్యాక తీసేశారు. తలుపు అందరికీ తెరిచిపెట్టాక దొంగ ఎవరు, చుట్టం ఎవరు?

నల్లరేగడి

నేను వకీలును, ఉచిత సలహా ఒకటి. 2019 నాటి వ్యక్తిగత సమాచార బిల్లులో మన సమాచారాన్ని ఒక సంస్థ నుంచి మరో సంస్థకు మార్చుకునే హక్కు ఉంది. 2022లో ఆ బిల్లును వెనక్కి తీసుకున్నారు, 2023లో వచ్చిన కొత్త చట్టంలో ఆ హక్కు మాయమైంది. యూరప్ వారికి ఉంది, మనకు లేదు. ఇక్కడ అసలు అడగవలసింది సర్వర్ కాదు, ఈ హక్కు.

సొంత సర్వర్ పెట్టి ఇతరుల రాతలు మోస్తే, ఐటీ చట్టం దృష్టిలో మొల్లతోట గారే ‘మధ్యవర్తి’ అవుతారు. ఫిర్యాదుల అధికారి పేరు ప్రకటించాలి, కోర్టు తీసేయమంటే తీసేయాలి. ఆ అధికారిగా ఎవరిని వేస్తారు, అవధాని గారినా?

ఇంకొకటి. మీరు నొక్కిన ‘మళ్ళీ పరిశీలించండి’ మీట చట్టప్రకారం ఫిర్యాదు కాకపోవచ్చు. ఆ వేదిక భారతదేశ ఫిర్యాదుల అధికారికి విడిగా రాయండి. జవాబు నచ్చకపోతే అది అందిన 30 రోజుల్లోపు ప్రభుత్వ అప్పీలు సంఘానికి వెళ్ళవచ్చు.

మొల్లతోట

ఆ అధికారి ఒకరున్నారని నాకు తెలియనే తెలియదు. నిన్న రాత్రి రాశాను.

కట్టెలమోపు గారు చెప్పింది చదివాక సర్వర్ మీద మోజు కొంచెం తగ్గింది, పూర్తిగా పోలేదు. మా కార్యదర్శికి 71 ఏళ్ళు, నాకు 58. ఆయన అడిగిన మాట: ‘అమ్మా, సర్వర్ పాస్‌వర్డు నీ ఒక్కదాని దగ్గర ఉంటే, నీ తర్వాత?’ చిట్టడవి గారూ, దీనికి మీ లోకంలో జవాబు ఏమిటి?

ఈలోగా 200 మంది సభ్యులకు ఉత్తరాలు పంపాను, ఎవరి పూరణలు వారి దగ్గర ఏ రూపంలో ఉన్నా పంపమని. ఇప్పటికి 31 మంది పంపారు. ఒకరు డైరీ పేజీల ఫోటోలు పంపారు, నీలి సిరాతో.

చిట్టడవి

పాస్‌వర్డు ఇద్దరి దగ్గర ఉంచవచ్చు. రెండోవారు ఎవరన్నదే కష్టం. పూరణలు టైపు చేయడానికి మనిషి కావాలంటే మాత్రం నేనున్నాను. ఆ డైరీ పేజీలు పంపండి.