సిగ్నల్ దగ్గర డివైడర్ మీద నిలబడి చందా అడిగితే కేసు పెట్టొచ్చా? (కర్నూలు)

అన్నలూ, అక్కలూ, చట్టం తెలిసినవాళ్లు కాస్త చెప్పండి. మా వీధిలో ఒక పాపకి గుండె ఆపరేషన్ ఉంది. ఆపరేషన్ అయితే ప్రభుత్వ ఆరోగ్య కార్డు కింద జరిగిపోతుంది కానీ ఆ తర్వాత మందులకి, రానూపోనూ ఖర్చులకి వాళ్ల నాన్న హమాలీ కూలి ఏ మూలకీ చాలదు, అందుకే ఫ్రెండ్స్ అందరం పాప ఫోటో అంటించిన డబ్బాలు పట్టుకుని రాజ్‌విహార్ దగ్గర రెడ్ లైట్ పడినప్పుడు బండ్లవాళ్లని అడుగుతున్నాం. నిన్న ఒక కానిస్టేబుల్ వచ్చి, డివైడర్ మీద గుంపుగా నిలబడితే కేసు రాస్తానని డబ్బాలు తీసేసుకున్నాడు. రసీదు లేదు, ఏమీ లేదు.

దారికి అడ్డం కలిగిస్తే బీఎన్‌ఎస్ (ఐపీసీ బదులు వచ్చిన కొత్త చట్టం) సెక్షన్ 285 కింద 5,000 రూపాయల దాకా జరిమానా ఉంది, సరే. కానీ బండ్లు ఆగినప్పుడే అడిగి, గ్రీన్ పడేలోపు పక్కకి వచ్చేస్తే అది కూడా అడ్డమేనా? ఆయన పోలీసు చట్టం సెక్షన్ 30 అని కూడా అన్నాడు, అది సభలకి, ఊరేగింపులకి కదా! రోడ్ల మీద సభలకి అడ్డుకట్ట వేస్తూ ప్రభుత్వం ఇచ్చిన జీవో 1ని 2023 మేలో మన హైకోర్టు కొట్టేసింది, అయినా అది పార్టీల మీటింగుల గొడవ, మాకు పనికొస్తుందని నేననుకోను.

పర్మిషన్ ఎవరినడగాలి, డీఎస్పీ ఆఫీసులోనా, కార్పొరేషన్‌లోనా? బండ్ల మధ్య వద్దంటే బస్టాండు ముందు ఒక పక్కగా టేబుల్ వేసుకుంటాం. డబ్బాల్లో ఉన్నది పాప డబ్బు, అది తిరిగి రావాలంటే అర్జీ ఎలా రాయాలో కూడా చెప్పండి, ప్లీజ్.