అప్‌డేట్: పాప మోకాలి వాపు ఏంటో తేలింది

గుంటూరు నుంచి మా నాలుగేళ్ల పాప గురించి అడిగాను కదా: పొద్దున కుంటుతుంది, మధ్యాహ్నానికి పరుగులు పెడుతుంది, మోకాలు వాచింది, నొప్పి అని మాత్రం అనదు అని. అది జువెనైల్ ఇడియోపతిక్ ఆర్థరైటిస్. పిల్లల కీళ్లవాతం.

ముందు చూపించిన చోట ఆర్‌ఏ ఫ్యాక్టర్ (కీళ్లవాతానికి చేసే ఒక రక్తపరీక్ష) నెగటివ్, ఎక్స్‌రే నార్మల్ కాబట్టి ఏమీ లేదన్నారు. రుమటాలజిస్ట్ (కీళ్లవాతం డాక్టర్) మాత్రం ఈ జబ్బున్న పిల్లల్లో ఎక్కువమందికి ఆ పరీక్ష నెగటివే అన్నారు. ఖాయం చేసే రక్తపరీక్ష ఒక్కటంటూ లేదు. 16 ఏళ్లలోపు మొదలై, వాపు కనీసం 6 వారాలు ఉండి, ఇన్ఫెక్షన్, టీబీ, లుకేమియా (బ్లడ్ క్యాన్సర్) లాంటివి కాదని తేలాకే ఆ పేరు పెడతారట. లుకేమియా మాట వినగానే మా ఆవిడకి అన్నం సయించలేదు.

నేను అసలు ఊహించనిది కళ్ల సంగతి. పాపకు ఏఎన్‌ఏ అనే యాంటీబాడీల రక్తపరీక్ష పాజిటివ్. ఇలాంటి పిల్లలకు కన్ను ఎర్రబడకుండా, నొప్పి లేకుండానే లోపల వాపు రావచ్చు, చూపు దెబ్బతినొచ్చు. అందుకే 3 నెలలకోసారి కంటి డాక్టర్ దగ్గర స్లిట్ ల్యాంప్ పరీక్ష (సన్నని వెలుగు వేసి కంటి లోపల పెద్దదిగా చూసేది) చేయించాలి. మొదటిది బాగానే వచ్చింది.

మత్తిచ్చి కీలులోకి స్టెరాయిడ్ ఇంజెక్షన్ చేశారు, వాపు తగ్గింది. మళ్లీ వస్తే మెథోట్రెక్సేట్ (కీళ్లవాతాన్ని అదుపులో ఉంచే మందు) మొదలుపెడదామన్నారు. మా అత్తగారు ఇంకా పెరుగు మాన్పించమనే అంటున్నారు. డాక్టర్ పథ్యమేమీ అక్కర్లేదన్నారు, పాప ఇష్టంగా తింటోంది.