ఏసీ గదిలో కూడా రిఫరెన్స్ ఫేజ్ జారిపోతోంది, ఏ కేబుల్ వేయాలి?

ప్రశ్న: అన్నలూ చిన్న సాయం కావాలి. మాది 2856 మెగాహెర్ట్జ్ లినాక్ (కణాల్ని తిన్నటి దారిలో వేగంగా నెట్టే యంత్రం), మాస్టర్ ఆసిలేటర్ (అన్నిటికీ తాళం ఇచ్చే సిగ్నల్ పెట్టె) నుంచి క్లైస్ట్రాన్ (ఆ సిగ్నల్‌ని భారీగా పెంచే ట్యూబ్) దాకా 40 మీటర్లు సాలిడ్ టెఫ్లాన్ ఇన్సులేషన్ ఉన్న కేబుల్ లాగాం. ఫేజ్ (తరంగం ఏ క్షణంలో ఎక్కడుందో చెప్పే డిగ్రీల లెక్క) సెట్ చేసి టీ తాగొచ్చేసరికి జారిపోతోంది, ఏసీ 20లో పెట్టినా అంతే. టెఫ్లాన్ బదులు సిలికా ఇన్సులేషన్ ఉండే కేబుల్ కొనమంటున్నారు గానీ రేటు చూస్తే కళ్లు తిరిగాయి.

జవాబు: ఆ 20 పెట్టడమే కొంప ముంచింది బ్రో. టెఫ్లాన్ 19 డిగ్రీల దగ్గర లోపల దాని స్ఫటిక రూపం మార్చుకుంటుంది, అక్కడ కొంచెం వేడి మారినా ఫేజ్ గభాల్న దూకుతుంది, మీ కంప్రెసర్ ఆగి మొదలైనప్పుడల్లా కేబుల్ ఆ మెట్టు ఎక్కి దిగుతోందన్నమాట. ముందు 25కి మార్చి చూడండి, పైసా ఖర్చు లేదు.

కేబుల్ మారుస్తానంటే మాత్రం ముడతల రాగి గొట్టంలో ఫోమ్ ఉండేది తీసుకోండి. వేడికి రాగి సాగి సిగ్నల్ ఆలస్యం పెరుగుతుంది, ఫోమ్ పల్చబడి ఆలస్యం తగ్గుతుంది, ఒకదాన్నొకటి చాలావరకు కొట్టేసుకుంటాయి. వేడి ఒక డిగ్రీ మారితే ఆలస్యం 10 పీపీఎం (పది లక్షల్లో 10 వంతులు) మారుతుందనుకున్నా మీ 40 మీటర్లకి ఫేజ్ డిగ్రీన్నర కదులుతుంది, అదే 100 పీపీఎం టెఫ్లాన్ అయితే ఇరవై దాకా పోతుంది, లెక్క వేసుకోండి. సిలికాకి ఆ 19 గొడవ లేదు నిజమే కానీ కొసలు గట్టిగా సీల్ చేయాలి, తేమ పీల్చేస్తుంది. చివర్న ర్యాక్‌లో మీటరు రెండు మీటర్లకి వాడుకోండి చాలు.

ప్రశ్న: 2856 బదులు 476 మెగాహెర్ట్జ్ పంపించి అక్కడ ఆరుతో మల్టిప్లై చేస్తే డ్రిఫ్ట్ తగ్గదా? అమెరికాలో స్లాక్ అనే యాక్సిలరేటర్ ల్యాబ్ వాళ్లు అలాగే చేశారుగా, దాదాపు 3 కిలోమీటర్ల లైన్ మీద?

జవాబు: తగ్గదండీ, అందరూ ఇక్కడే పప్పులో కాలేస్తారు. కేబుల్‌లో మారేది టైమ్, అది 476కైనా 2856కైనా అన్నే పికోసెకన్లు, మల్టిప్లై చేస్తే ఫేజ్ తప్పు కూడా ఆరింతలవుతుంది. కలిసొచ్చేది కేబుల్‌లో సిగ్నల్ లాస్ తగ్గడం ఒక్కటే.

ఇంకోటి, అమ్మేవాడు ఒకే పీపీఎం నంబర్ చెబితే ఒప్పుకోకండి, 15 నుంచి 35 దాకా గ్రాఫ్ అడగండి. ట్రేలో కేబుల్ ఏసీ గాలి నేరుగా తగలని వైపు వేసి పైన ఫోమ్ ట్యూబ్ చుట్టండి, ఊగకుండా క్లాంప్ వేయండి, కనెక్టర్లు చేత్తో బిగించి వదిలేయకుండా టార్క్ స్పానర్ వాడండి.

ప్రశ్న: 25కి మార్చా అన్నా, సాయంత్రం దాకా ప్లాట్ చూశా, ఆ పెద్ద దూకుళ్లు పోయాయి, మెల్లగా జారడం ఒక్కటే మిగిలింది. ఫోమ్ కేబుల్‌కి రేపు ఇండెంట్ పెడతా.