సీవీని తెలుగులో ‘చరిత్ర’ అనవచ్చా?

ప్రశ్న: ఉద్యోగ దరఖాస్తుల గురించిన చిన్న పుస్తకం ఒకటి అనువదిస్తున్నాను. మూలంలో సీవీ, రెజ్యూమే పక్కపక్కనే వస్తున్నాయి. రెండింటికీ ‘స్వీయ వివర పత్రం’ అని పెట్టుకుంటే ఒకచోట ‘స్వీయ వివర పత్రానికీ స్వీయ వివర పత్రానికీ తేడా గమనించండి’ అని తేలింది! వేర్వేరు మాటలు సూచించగలరా?

జవాబు: ముందు మీ మూలం ఏ దేశానిదో చూడండి. ఈ తేడా అమెరికాలో గట్టిగా పాటిస్తారు. అక్కడ రెజ్యూమే ఒకటి రెండు పేజీల్లో ముగుస్తుంది, అడిగిన ఉద్యోగానికి తగ్గట్టు కత్తిరించుకుంటారు. సీవీ అధ్యాపకులు, పరిశోధకులు పంపేది. ప్రచురణలు, ప్రసంగాలు చేరేకొద్దీ పెరుగుతూ పోతుంది. ఇది తెలియక నేను ఒక అమెరికా విశ్వవిద్యాలయానికి రెండు పేజీల సీవీ పంపాను. ‘ప్రచురణల జాబితా ఏది?’ అని ఒక్క వాక్యం జవాబు వచ్చింది. బ్రిటన్‌లో గుమస్తా ఉద్యోగానికైనా సీవీయే, అదీ మామూలుగా రెండు పేజీలే. కాబట్టి బ్రిటన్ సీవీకి దగ్గరి చుట్టం అమెరికా రెజ్యూమే. అమెరికా సీవీతో కలిసింది పేరొక్కటే.

ఇంకా తమాషా, రెజ్యూమే ఫ్రెంచి మాటే అయినా ఫ్రాన్స్‌లో ఉద్యోగానికి పంపేది సీవీ. అక్కడ రెజ్యూమే అంటే నవలకో నివేదికకో రాసే సారాంశం.

ఇక మాటల పుట్టుక. సీవీ పూర్తి రూపం ‘కరికులం వీటే’, లాటిన్‌లో ‘జీవితపు పరుగు’. మనం పాఠ్యప్రణాళిక అనే కరికులం కూడా ఇదే. జర్మన్లు దాన్ని ముక్కకు ముక్క మార్చి ‘లేబెన్స్‌లౌఫ్’ చేసుకున్నారు: లేబెన్ జీవితం, లౌఫ్ పరుగు. జపాన్‌వారు సీవీని పిలిచే ‘రిరెకిషో’లో మొదటి అక్షరానికి అడుగు వేయడం, రెండోదానికి గడిచి రావడం అనే అర్థాలున్నాయి. మన ‘చరిత్ర’ ఏ ధాతువు నుంచి వచ్చింది? చర్, అంటే నడవడం! మనవాళ్లు నడిచారు, లాటిన్‌వాళ్లు పరుగెత్తారు, అంతే తేడా. (కరికులంలోని ‘కర్’, మన ‘చర్’ ఒకే వేరు అనుకోకండి. పోలిక చెవికి మాత్రమే.)

రెజ్యూమే వెనకున్న లాటిన్ క్రియకు అర్థం ‘తిరిగి తీసుకోవడం’. మన ‘సంగ్రహం’లో ఉన్నదీ తీసుకోవడమే, గ్రహ్ ధాతువు. అందుకే నా ఓటు: సీవీకి వృత్తి చరిత్ర, రెజ్యూమేకు వృత్తి సంగ్రహం.

మరొకరు: ఇంత శ్రమ ఎందుకండీ, అందరికీ తెలిసిన ‘బయోడేటా’ ఉందిగా?

జవాబు: ఉంది, కానీ ఆ మాట వినగానే పుట్టిన తేదీ, వివాహ స్థితి, ఫొటో గుర్తొస్తాయి. అమెరికా, బ్రిటన్‌లలో సరిగ్గా అవే రాయవద్దంటారు, వివక్షకు తావు ఇవ్వకూడదని. జర్మనీలో ఫొటో అతికించడం పాత అలవాటు. 2006లో వివక్షను నిషేధించే సమాన వ్యవహార చట్టం వచ్చాక ఫొటో తప్పనిసరి అనడానికి లేదు, అలవాటు మాత్రం పూర్తిగా పోలేదు. జపాన్ ఆరోగ్య, కార్మిక శాఖ 2021లో ఇచ్చిన రిరెకిషో నమూనాలో జీవిత భాగస్వామి గడి తీసేశారు, స్త్రీయా పురుషుడా అన్నది రాయడం ఐచ్ఛికం చేశారు. ప్రశ్న వేసినవారు మొదట పెట్టిన ‘స్వీయ వివర పత్రం’కూ ఇదే చిక్కు.

ఇంకొకరు: ‘చరిత్ర’ అంటే నాకు పోలీసు రికార్డే గుర్తొస్తోంది. పైగా తెలుగు లిపిలో ‘రెజ్యూమే’ అని రాస్తే ఏ గందరగోళమూ లేదు. ఇంగ్లీషులోనే résumé అనే మాటలో e మీది గుర్తులు తీసేసి రాస్తే, ఆపిన పని తిరిగి మొదలుపెట్టడమనే క్రియతో కలిసిపోతుంది. ఉన్న మాటలు ఉంచేయండి.

ప్రశ్న వేసినవారు: అందరికీ ధన్యవాదాలు. మూలం లండన్‌లో అచ్చయినది, రెజ్యూమే అమెరికా వెళ్లేవారి అధ్యాయంలో మాత్రమే వస్తోంది. ఇలా మార్చాను: ‘ఇక్కడ మీరు సీవీ అని పంపినదాన్నే అక్కడ రెజ్యూమే అంటారు. అక్కడ సీవీ అడిగితే మీ వృత్తి చరిత్ర మొత్తం రాయాలి.’ పోలీసు రికార్డు అనుకునేవారికి ‘వృత్తి’ అడ్డుపడుతుందని ఆశ.