కయాక్ మీద గాలం వేసేవారు మొదటి పదిహేను వేలు దేనికి ఖర్చు పెట్టాలి?

స్వర్ణముఖి ఒడ్డు (తిరుపతి)

పోయిన ఆదివారం పిచ్చాటూరులో అరణియార్ ప్రాజెక్టు కట్ట మీద మా నలుగురికీ మొదలైన వాదన ఇంకా తెగలేదు కనుక ఇక్కడ పెడుతున్నాను. మాకు తమ్ముడి వరస అయ్యే ఒక అబ్బాయి ఈమధ్యే పది అడుగుల కయాక్ కొన్నాడు. పైన కూర్చుని తెడ్డు వేసే తీరుగా ఉండే మామూలు ప్లాస్టిక్ పడవ అది. ఇంకో పదిహేను వేలు పక్కన పెట్టుకుని, ముందుగా ఫిష్ ఫైండర్ (నీటిలోకి శబ్దం పంపి లోతునూ చేపలనూ తెర మీద చూపే యంత్రం) కొంటానంటున్నాడు. వద్దని నేను గట్టిగా చెబుతున్నాను.

నేను ఖాళీ చేతులతో ఇంటికి వచ్చిన రోజులను గుర్తు చేసుకుంటే, చేప ఎక్కడుందో తెలియక వచ్చినవి తక్కువ, తెలిసిన చోట పడవ నిలవక వచ్చినవి ఎక్కువ. కొర్రమీను తామరాకుల అంచున పైకి వచ్చి గాలి పీల్చి వెళ్లడం కళ్లారా చూస్తాం, కప్ప బొమ్మ ఎరను రెండుసార్లు విసురుతాం, మూడోసారికి గాలి మనల్ని ఆ ఆకుల మీదికే తోసేస్తుంది, ఇక ఆ చోటు ఆ పూటకు పనికిరాదు. కయాక్ తేలిక పడవ, పైగా మనిషి దాని మీద తెరచాపలా నిటారుగా కూర్చుంటాడు కనుక చిన్న గాలికే జరిగిపోతుంది.

రెండేళ్ల కిందట నేను చేసిన తప్పు కూడా చెబుతాను. లంగరు తాడును నా కుడి చేతి పక్కన ఉన్న పిడికి కట్టాను, ఎందుకంటే అదే చేతికి అందింది. పదకొండు గంటలకు గాలి లేచి అలలు అడ్డంగా తగలడం మొదలైంది. తాడు ఆ పక్క అంచును కిందికి లాగుతోంది, అల అదే అంచు మీదుగా ఎక్కుతోంది. ముడి తడిసి బిగుసుకుపోయి వేళ్లకు లొంగలేదు. జాకెట్‌కు తగిలించుకున్న చిన్న కత్తితో తాడు కోసేశాను కాబట్టి పడవ తిరగబడలేదు. లంగరు ఇప్పటికీ అక్కడే అడుగున ఉంది.

ఆ తరువాతే లంగరు ట్రాలీ బిగించాను. ముక్కు దగ్గర ఒక కప్పీ, వెనుక కొసన ఒక కప్పీ, రెండింటి మధ్య చుట్టూ తిరిగే సన్నని తాడు, దానికి ఒక రింగు. లంగరు తాడును ఆ రింగులో నుంచి పోనిచ్చి, కూర్చున్న చోటి నుంచే రింగును ముక్కుకో వెనక్కో జరపవచ్చు. పడవ ఎప్పుడూ గాలికి ఎదురుగానో వీపు పెట్టో నిలుస్తుంది, అల అడ్డంగా తగలదు. కిలోన్నర మడత లంగరుతో కలిపి నాకు మూడు వేలు కూడా కాలేదు. మిగిలిన డబ్బుతో తేలికైన తెడ్డు, మంచి లైఫ్ జాకెట్ వస్తాయి. ఫైండర్ ఆ తరువాత చూసుకోవచ్చునన్నది నా మాట.

కండలేరు లోతు (వెంకటగిరి)

మీ లంగరు సంగతి పూర్తిగా ఒప్పుకుంటాను, కానీ ఫైండర్‌ను చివరికి నెట్టడం ఒప్పుకోలేను. మీరు కొర్రమీను వేటను మనసులో పెట్టుకుని మాట్లాడుతున్నారు. అది ఒడ్డున, ఆకుల నీడన, కంటికి కనిపించే చేప. కండలేరు లాంటి పెద్ద జలాశయంలో నిండు నీటి మీద కూర్చున్నప్పుడు కంటికి కనిపించేది నీలం రంగు ఒక్కటే. అడుగున పాత వాగు ఎక్కడ మలుపు తిరిగింది, మునిగిన గట్టు ఎక్కడ తెగింది, చెట్ల మోళ్లు ఎక్కడ నిలబడి ఉన్నాయి అన్నవి తెలియకుండా లంగరు వేస్తే, ఎంత కదలకుండా కూర్చున్నా చేపలేని చోటే కూర్చుంటాం. చేప గుర్తులను చూసి మురిసిపోవడానికి నేను ఫైండర్ కొనమనడం లేదు. లోతు అంకె, అడుగు గట్టిదా బురదా అన్న తేడా, ఈ రెండూ చాలు. ఒక్క పూట అటూ ఇటూ తిరిగితే ఆ జలాశయం నేల మీకు అరచేతి గీతల్లా తెలిసిపోతుంది, ఆ తెలివి తరువాత పదేళ్లు పనికొస్తుంది.

ఫైండర్‌కు వాడే బ్యాటరీ బరువు గురించి భయపడేవారికి ఒక మాట. పన్నెండు వోల్టుల, ఏడు ఆంపియర్ అవర్ల పాత సీసం బ్యాటరీ రెండు కిలోలు దాటుతుంది. అదే సామర్థ్యం ఉన్న లిథియం ఐరన్ ఫాస్ఫేట్ బ్యాటరీ అందులో సగం బరువే ఉంటుంది.

తడ తెడ్డు (తడ)

ఇద్దరూ నీటిని చూడకుండా సామాను గురించి వాదిస్తున్నారు. ఫైండర్ కిందికి పంపే శబ్దం కొస పైకి పెట్టిన గరాటులా వ్యాపిస్తుంది. సాధారణంగా వాడే 200 కిలోహెర్ట్జ్ దగ్గర ఆ గరాటు కోణం సుమారు 20 డిగ్రీలు ఉంటుంది. లెక్క వేస్తే అడుగున అది చూసే వలయం వెడల్పు లోతులో మూడో వంతు కంటే కొంచెం ఎక్కువ. పది మీటర్ల లోతులో మూడున్నర మీటర్ల వలయం కనిపిస్తుంది, అది పనికొచ్చే చూపే. మా పులికాట్ సరస్సు సగటు లోతు ఒక మీటరు. అక్కడ మీ యంత్రం చూసేది అన్నం తినే కంచం కంటే కాస్త పెద్ద వలయాన్ని. ఆ చోట చేప ఉన్నా పడవ నీడకే పారిపోయి ఉంటుంది.

మా నీటికి లంగరు కూడా అక్కర్లేదు. మా తాతల కాలం నుంచి పడవలో గడ ఉంటుంది. నీటిలోకి దించి బురదలో ఒక్కసారి గుచ్చితే చప్పుడు లేకుండా పడవ ఆగుతుంది, లాగితే వస్తుంది. లంగరు పడిన చప్పుడుకు పండుగప్ప ఆ చుట్టుపక్కల నిలవదు. ఏడెనిమిది అడుగుల ఎండు వెదురు గడ, దాన్ని ట్రాలీ రింగుకు కట్టుకోవడానికి మూరెడు తాడు. ఇంతకంటే లాభం ఇచ్చే మార్పు మా వైపు నేను చూడలేదు. ఎక్కడ పడితే అక్కడ మాత్రం గుచ్చకండి. కట్టి ఉంచిన వలలు ఉంటాయి, అవి ఒకరి కూడు. సరస్సులో పక్షుల అభయారణ్యం పరిధి ఉందన్నది కూడా మరవకండి.

నీవా నది (చిత్తూరు)

నాకు యాభై నాలుగేళ్లు, నడుము నొప్పి ఉంది. అందరూ చేపను చూస్తున్నారు గానీ పడవలో కూర్చునే మనిషిని చూడటం లేదు. నా కయాక్‌తో వచ్చిన ఆసనం ఒక పలుచని దిండు మాత్రమే. దాని మీద రెండు గంటలు దాటితే కాళ్లు తిమ్మిరెక్కి ఒడ్డుకు వచ్చేసేవాడిని. ఎత్తయిన ఫ్రేము, జాలి గుడ్డ ఉన్న కుర్చీ వేయించాక ఐదు గంటలు ఉండగలుగుతున్నాను. గాలం నీటిలో ఉన్న సమయమే రెండింతలు దాటినప్పుడు, దానికి మించిన మెరుగుదల ఏముంటుంది? ఎత్తు పెరిగితే పడవ కొంచెం ఊగుతుంది, అది నిజం. వెడల్పు తక్కువ పడవలకు నేను చెప్పను.

చేతిలో డబ్బు ఉన్నవారికి పెడల్ కయాక్ ఉత్తమమన్నది నా అభిప్రాయం. హోబీ సంస్థ 1997లో కాళ్లతో తొక్కే మిరాజ్ డ్రైవ్ తెచ్చినప్పటి నుంచి ఈ వేట తీరే మారింది. రెండు చేతులూ గాలానికే ఉంటాయి, గాలిలో కాళ్లతోనే పడవను నిలబెట్టవచ్చు.

స్వర్ణముఖి ఒడ్డు (తిరుపతి)

అన్నగారూ, ఆసనం గురించి మీరు చెప్పింది నేను మరిచిపోయిన విషయం. మా తమ్ముడి లెక్కలో దానిని చేరుస్తాను. పెడల్ విషయంలో మాత్రం మన చెరువులను తలచుకోండి. గుర్రపుడెక్క, నాచు రెక్కలకు చుట్టుకుంటే మళ్లీ తెడ్డే దిక్కు. ధర కూడా చాలా ఎక్కువ కనుక పదిహేను వేల ప్రశ్నకు అది జవాబు కాదు.

తెడ్డు గురించి మీ అందరినీ ఒక్క లెక్క చూడమంటాను. పడవతో వచ్చిన అల్యూమినియం తెడ్డును కిరాణా కొట్టు తక్కెడలో వేస్తే 1,100 గ్రాములు తూగింది. మిత్రుడి కార్బన్ ఫైబర్ తెడ్డు 780 గ్రాములు. నిమిషానికి నలభై పోట్ల చొప్పున గంటకు 2,400 పోట్లు వేస్తాం. ప్రతిసారీ 320 గ్రాములు అదనంగా మోస్తే గంటలో 768 కిలోలు అవుతుంది. ఎదురుగాలిలో తిరిగి వచ్చేటప్పుడు భుజాలకు ఆ తేడా తెలుస్తుంది. కార్బన్ తెడ్డులో సగం ధరకు వచ్చే ఫైబర్ గ్లాస్ రెక్కల తెడ్డు కూడా చాలు. వేట కయాక్‌లు వెడల్పుగా ఉంటాయి కనుక 240 సెంటీమీటర్ల దగ్గర పొడవు తీసుకోవాలి. పొట్టి తెడ్డు అయితే పిడికిళ్లు పడవ అంచుకు కొట్టుకుంటాయి.

తడ మిత్రుడి గడ మాట నూటికి నూరుపాళ్లు ఒప్పుకుంటున్నాను. అరణియార్‌లోనూ ఒడ్డు వారగా అది పనిచేస్తుంది, ఎండాకాలంలో నీరు తగ్గాక మరీనూ.

గట్టు మీది తల్లి (పుత్తూరు)

మా అబ్బాయి ఈ వేటకు వెళ్తాడు కాబట్టి చదువుతున్నాను. లైఫ్ జాకెట్‌ను మీరంతా డబ్బు మిగిలితే కొనే వస్తువుల వరుసలో పెట్టడం నాకు బాధ కలిగించింది. అది మెరుగుదల కాదు, అది లేకపోతే పడవ నీటిలోకి దిగకూడదు. గ్యాస్ సీసాతో ఉబ్బే పలుచని జాకెట్ కొంటానని మా వాడు అన్నాడు. జెల్ల ముల్లు ఒక్కసారి గుచ్చుకుంటే అది ఉబ్బుతుందా? వీపు కింది భాగంలో జాలి ఉండి, కుర్చీకి అడ్డు రాని ఫోమ్ జాకెట్ తీయించాను. మామూలు ఫోమ్ జాకెట్ మే నెల ఎండలో ఎవరూ ఒంటి మీద ఉంచుకోరు, విప్పి కాళ్ల దగ్గర పడేస్తారు. ఒంటి మీద ఉంచుకోగలిగినదే కొనండి. దానికి ఒక ఈల కూడా కట్టండి.

కండలేరు లోతు (వెంకటగిరి)

అమ్మగారు చెప్పిన దానికి ఎదురు మాట లేదు. నేను ఎప్పుడూ వేసుకునే ఉంటాను గానీ లెక్కలో రాయలేదు, తప్పే. అక్టోబరు, నవంబరుల్లో ఉరుములు వినిపిస్తే కార్బన్ గాలపు కర్రను పైకి నిలబెట్టి ఉంచవద్దని కూడా మీ అబ్బాయికి చెప్పండి. వెంటనే ఒడ్డు చేరాలి.

వాదనలో నేను ఒక అడుగు వెనక్కి వేస్తున్నాను. లోతు లేని నీటిలో ఫైండర్ వద్దు. కానీ పెద్ద జలాశయాలకు వెళ్లేవారి విషయంలో నా మాట మార్చుకోను. ఆ తమ్ముడు ఏ నీటికి ఎక్కువగా వెళ్తాడో ముందు అడగండి. వెళ్లే ముందు అక్కడ చేపల హక్కు ఉన్న మత్స్యకార సంఘంతో కూడా మాట్లాడమనండి.

కొత్త తెడ్డు (తిరుపతి)

నేనే ఆ తమ్ముడిని. నెలకు మూడుసార్లు అరణియార్, ఎప్పుడైనా ఒకసారి తడ. ఫైండర్ ప్రస్తుతానికి ఆపుతున్నాను. జాకెట్, ట్రాలీ, ఫైబర్ గ్లాస్ తెడ్డు తీసుకుంటాను, గడ మా తోటలోనే దొరుకుతుంది. నా భయం ఒక్కటే, ట్రాలీ బిగించడానికి కొత్త పడవకు రంధ్రాలు వేయాలంటే చేతులు రావడం లేదు. గమ్ముతో అంటించకూడదా అన్నా?

స్వర్ణముఖి ఒడ్డు (తిరుపతి)

పడవ పాలిథిలీన్ తమ్ముడూ, దానికి మామూలు గమ్ము పట్టదు, మొదటి గాలికే ఊడి వస్తుంది. నీటి గీతకు బాగా పైన, లోపలి వైపు నీ చెయ్యి అందే చోట మాత్రమే రంధ్రం వెయ్యి. తడకు కూడా వెళ్తావు కనుక ఉప్పుకు సులువుగా తుప్పు పట్టని 316 రకం స్టెయిన్‌లెస్ బోల్టులు తీసుకో. లోపల వెడల్పాటి వాషరు, వదులు కాకుండా లోపల నైలాన్ వలయం ఉన్న నట్టు, రంధ్రం చుట్టూ మెరైన్ సీలెంట్. ఒక రోజంతా ఆరనివ్వు. తరువాత ఇంటి ముందే, పడవ మూత తీసి లోపల నాలుగు బిందెల నీళ్లు పోసి, ఒక్కో పక్కకు వాల్చి పట్టుకుని బోల్టుల చుట్టూ వేలితో తడిమి చూడు. చెమ్మ తగిలితే ఆ బోల్టు విప్పి మళ్లీ వేద్దాం. శనివారం సాయంత్రం డ్రిల్లు తీసుకుని నేనే వస్తాను.